బంధము: మొదటి అతిచారము

శివకాశి, తిరుత్తంగల్ ప్రాంతమున పెరిగిన పిల్లలకు అగ్గిపెట్టె బొమ్మలు ఏరి దాచుకొనుట ఒక ముచ్చట. ఆ బొమ్మలలో ఏనుగులును, పులులును, సింహములును మెండుగా కనబడును. కాగితపు ఏనుగు కాలికి గొలుసుండదు. వీధిలోనికి వచ్చిన నిజమైన ఏనుగు కాలికి ఉండును. పిల్లలు తొండమును చూతురు గాని గొలుసును చూడరు. పెద్దలమును అంతే. ఈ పాఠమున ఆ గొలుసును గూర్చియే కొంత ఆలోచింతము.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ఏడవ అధ్యాయము వ్రతములను, వానికి కలుగు అతిచారములను తెలుపును. అహింసావ్రతమునకు చెప్పిన అతిచారములు ఐదు: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇచ్చట వధ యనగా చంపుట కాదు, కర్రతోనో కొరడాతోనో కొట్టుట యని వ్యాఖ్యాతల వివరణము. చంపినచో వ్రతమే భంగమగును. అతిచారము వ్రతమునకు పట్టు మచ్చ. కాబట్టి “నేనే ప్రాణిని చంపలేదు గదా” యని నిశ్చింతగా కూర్చున్న గృహస్థునికే ఈ ఐదును వర్తించును. అందు మొదట నిలిచినది కొట్టుట కాదు, కోయుట కాదు, కట్టుట. ఈ క్రమము ఊరక ఏర్పడినదని నాకు తోచదు. కట్టని మృగమును కొట్టిన పారిపోవును, పస్తుంచిన మేత వెదకుకొనును. కట్టిన పిమ్మటనే తక్కిన నాలుగును సాధ్యమగును.

“మరి ఆవును కట్టుట లేదా?” యని అడుగవచ్చును. శ్రావకాచారమును వ్రాసిన పెద్దలు ఈ ప్రశ్నను విడువలేదు. ప్రయోజనము కొరకు కట్టుట వేరు, నిష్ప్రయోజనముగా కట్టుట వేరు అనిరి. కట్టవలసివచ్చినను, నిప్పంటుకొన్నప్పుడు వెంటనే విడిపింప వీలగునట్లు వదులుగా కట్టవలెననిరి. బాణసంచా చేయు మన ప్రాంతమువారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఆవు వేలయేండ్లుగా మనుష్యుని యింట పుట్టి పెరిగిన జంతువు. ఏనుగు అట్టిది కాదు. ఎన్ని తరములనుండి మావటీలు పెంచుచున్నను, ఏనుగుజాతి అడవిజాతిగనే యున్నది. దానిని ఆటకు కట్టుటలో ఏ ప్రయోజనము గలదు? మన కొక గంట ప్రొద్దుపోవుట మాత్రమే.

అడవిలో ఏనుగు ఒంటరి కాదు. పెద్ద ఆడ ఏనుగు ముందు నడువ, దాని చెల్లెండ్రు, కూతుండ్రు, గున్నలు వెంట నడచును. ప్రతిదినము ఎన్నియో మైళ్లు తిరిగి నూరు కిలోలకు మించి మేసి, నూరు లీటర్లకు పైగా నీరు త్రాగును. అట్టి జీవమును పట్టినవారు మొదట గట్టి దుంగలతో కట్టిన ఇరుకు దొడ్డిలో నిలిపి, కాళ్లు బిగించి, ఆకలికి మాడ్చి, కొట్టి లొంగదీయుదురు. లొంగిన పిమ్మటను అంకుశము మావటి చేతిని విడువదు. రాతినేలపై గంటలకొలది నిలుచుటచే అరికాళ్లు పుండ్లగును, గోళ్లు చిట్లును. సూత్రకారుడు చెప్పిన ఐదును ఒక్క ఏనుగు బ్రదుకునందే లెక్కపెట్టవచ్చును. ఏనుగు తల నూపుచు ఒకేచోట ముందునకు వెనుకకు ఊగుచుండగా చూచి “నాట్యమాడుచున్నది” అని మనము సంతసింతుము. అది నాట్యము కాదు. కదలుటకు వీలులేని జీవమునకు పట్టిన మనోవ్యాధి యని పశువైద్యులు చెప్పుదురు.

ఇది దూరదేశపు మాట కాదు. తిరుత్తంగల్‌లో రైలెక్కి శివకాశి దాటినచో శ్రీవిల్లిపుత్తూరు వచ్చును. ఆ పేరు వినగనే తెలుగువారికి ఆముక్తమాల్యద స్ఫురించును. అచ్చటి ఆండాళ్ కోవెల ఏనుగు పేరు జయమాల్యత. అస్సామునుండి తెచ్చినది, అచ్చట దానిని జోయ్‌మాల అందురు. 2021 ఫిబ్రవరిలో కోయంబత్తూరు జిల్లా తేక్కంపట్టిలో కోవెల ఏనుగుల విశ్రాంతికొరకు శిబిరము నడుపగా, అచ్చటనే దానిని కట్టి ఇద్దరు కర్రలతో బాదుచున్న దృశ్యము దేశమంతయు చూచినది. వారిపై చర్య తీసికొనిరి. 2022లో మరల అట్టి దృశ్యములే వెలువడగా, అస్సాము ప్రభుత్వము తన ఏనుగును తిరిగి కోరినది. వ్యవహారము న్యాయస్థానమున కెక్కినది. ఆ 2021 ఫిబ్రవరిలోనే శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై అడవులను పులుల రక్షితప్రదేశముగా ప్రకటించిరి. ఊరినుండి చూచిన కనబడు కొండలలో ఏనుగులు స్వేచ్ఛగా తిరుగుచుండ, ఊరిలోని ఏనుగు గొలుసులో నున్నది.

ఇక అపాయము. 2024 నవంబరు 18న తిరుచ్చెందూరు కోవెల ఏనుగు దైవానై తన మావటిని, అతని బంధువు నొకరిని చంపినది. దానిని ఏండ్ల తరబడి ఎరిగినవాడే మావటి. ఇట్టి సంఘటన జరిగినపుడు “ఏనుగునకు పిచ్చిపట్టినది” అనుట వాడుక. నా కామాట రుచింపదు. పగలంతయు గుంపులో నిలిచి, ప్రతివాని తలపై తొండముంచి, రాత్రి గొలుసులో గడపు జంతువు ఒక్కదినము ఓర్పు కోల్పోయిన, దానిని పిచ్చి యందుమా? చనిపోయినవారి కుటుంబములకు కలిగిన దుఃఖమును ఈ వినోదపు ఖాతాలోనే వ్రాయవలెను.

మన దేశమున దీనికి చట్టము కలదు. 1904లో మదురైలో జన్మించిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో 1953లో జీవహింసా నివారణకై బిల్లు ప్రవేశపెట్టిరి. ఆ కృషి ఫలముగా 1960లో చట్టము వచ్చినది. 1998లో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతపులులు, సింహములతో ఆటలాడించుటను కేంద్రప్రభుత్వము నిషేధించినది. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ఆ పట్టికలో ఏనుగు లేదు! 2023లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము మన విరుదునగరు జిల్లా ఏనుగు లలిత వ్యాజ్యములో, ఇకమీద కోవెలలుగాని ప్రైవేటువారుగాని క్రొత్తగా ఏనుగులను సంపాదింపరాదని చెప్పినది.

సర్కసులనుండి విడిపించిన సింహములను, పులులను విశాఖపట్నము, తిరుపతి మొదలగుచోట్ల జంతుప్రదర్శనశాలలకు చేర్చిన రక్షణకేంద్రములలో ఉంచిరి. అడవికి ఏల పంపలేదు? వానికి వేట తెలియదు. పైగా సర్కసువారు ఆఫ్రికా సింహములను మన గిరి సింహములతో సంకరము చేసిరి. ఆ సంతతి ఏ యడవికిని చెందదు. కనుక వానిని పిల్లలు కననీయక, మేతపెట్టి, ముసలితనమున చనిపోవువరకు పోషించుటయే మిగిలిన మార్గమైనది. గొలుసు తీసినను బంధము తీరలేదన్నమాట.

“మేము కట్టలేదు, కొట్టలేదు, టిక్కెట్టు కొని చూచితిమి” అనువారున్నారు. కృతము, కారితము, అనుమోదితము అని పాపము మూడు తెరగులు. చేయుట, చేయించుట, మెచ్చుట. సర్కసు డేరాలో టిక్కెట్టు కొన్నవాని సొమ్ముతోనే అంకుశము కొనబడుచుండెను. కోవెల గుమ్మమున ఏనుగు తొండమున నాణెము పెట్టువాని సంగతియు విచారింపవలసినదే, అతని భక్తి ఎంత నిర్మలమైనను.

ఏనుగు ముక్కాలిపీటపై కాలెత్తి నిలువగా చప్పట్లు కొట్టిన దినము లెందరికో జ్ఞప్తి యుండును. కాలెత్తిన ఏనుగు మన ఆగమములలోను కలదు. జ్ఞాతాధర్మకథలో, శ్రేణికుని కుమారుడైన మేఘకుమారుని పూర్వజన్మ వృత్తాంతమది. కార్చిచ్చుకు బెదరిన మృగములన్నియు ఒక బయలున చేరగా, అందలి ఏనుగు దురద గోకుకొనుటకు కాలెత్తినది. ఆ సందున ఒక కుందేలు దూరి కూర్చున్నది. కాలు దించిన అది నలిగిపోవునని, మంట లారువరకు రెండున్నర దినములు మూడుకాళ్లపై నిలిచి, తుదకు కూలి ప్రాణము విడిచినది. పీటపై ఏనుగు కాలెత్తినది కొరడాకు జడిసి. ఆ ఏనుగు కాలెత్తినది దయచేత.

మరి ఉత్సవమున ఏనుగు లేకున్న శోభయేది యని పెద్దలు బాధపడుదురు. 2023లో కేరళములో ఇరింజాలకుడ సమీపమున ఇరింజాడప్పిళ్లి శ్రీకృష్ణాలయమువారు యంత్రపు టేనుగును నిలిపిరి. అది చెవులూపును, తొండమెత్తును. చూచుటకు కొంత విడ్డూరముగనే యుండును, నిజమే. దానికి దాహము లేదు, తల్లిని విడిచి వచ్చినది కాదు. రాత్రి యైన, మీట నొక్కి మూలనుంచి, దీపమార్పి యింటికి పోవచ్చును.