మిరపతోటకు బిందుసేద్యము – ఎరువు పెట్టు విధము

మన గుంటూరు సీమలో మిరప వేయు రైతులు కొందరు బిందుసేద్యపు గొట్టములు అమర్చుకొనియు, యూరియాను మాత్రము పూర్వమువలెనే నెలకొకమారు ఒక్కపెట్టున పెట్టుచున్నారు. ఇది తగదు. యూరియా ఇట్టే కరగి, నీరెక్కువైనచో వేళ్లకందక క్రిందికి దిగిపోవును. ఆ మొత్తమునే వారమునకు ఒకటి రెండు మారులుగా పంచి యిచ్చుట మేలు. ముందు వట్టినీరు విడిచి, చివరి సాలున చుక్క పడిన పిమ్మటనే ఎరువు కలుపవలెను. పిదప మరల వట్టినీటితో గొట్టములను కడుగవలెను.

సూపరుఫాస్ఫేటు పూర్తిగా కరగదు, రంధ్రములను పూడ్చును. దానిని దుక్కిలోనే వేయుడు.

చివరి సాళ్లలో మొక్కలు పాలిపోయినచో యూరియా పెంచకుడు. తొలుత ఆ రంధ్రములు చూడుడు. మేము చూచిన తోటలలో లోపము పెక్కుమారులు అక్కడనే యున్నది. పూతవేళ మితిమీరిన యూరియా ఆకును పెంచి పూతను రాల్చును. సంఘపు అప్పు మాత్రము రాలదు గదా! వడపోత జల్లెడను తరచుగా కడుగుచు, గొట్టముల కొనమూతలను పదునైదు దినములకొకమారు విప్పి మడ్డిని వదలవలెను.