రెండో తాళంచెవి

ఏలూరు,
ఆదివారం పొద్దున.

చిరంజీవి మేనల్లుడికీ, కోడలమ్మాయికీ అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేను కులాసా, మోకాళ్ళు తప్ప. ఫోన్లో ఒక్క వేలితో టైపు కొట్టేసరికి చెప్పాల్సింది కాస్తా చల్లారిపోతోంది. అందుకే కాగితం తీశాను. ముప్పై ఆరేళ్ళు బోర్డు మీద రాసిన చెయ్యి, ఇంకా మాట వింటోంది.

నీ మెసేజి నాలుగుసార్లు చదివాను. "వచ్చే నెల డాలస్ వెళ్తున్నాం అత్తయ్యా, ఆరు నెలలు. ఇంటి సంగతి తర్వాత చూద్దాం." మనవరాల్ని చూడ్డానికి వెళ్ళడం బాగానే ఉంది. ఆ "తర్వాత చూద్దాం" దగ్గరే నాకు చేప ముల్లు గొంతులో అడ్డంపడ్డట్టయింది. పైగా మొన్న పవర్‌పేటలో పెళ్ళికి వెళ్తే, మీ తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మనవాళ్ళలో ఒకావిడ పక్క విస్తరి ముందు కూర్చుని, "మీ మేనల్లుడి ఇల్లు బ్రోకరు చూసి వెళ్ళాడటగా" అంది. నేను పప్పన్నం కలుపుతున్నదాన్ని ఆగిపోయాను. గూడెం అసలే ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్ ఉన్న ఊరు, కబుర్లకీ పొరలెక్కువ. ఒలుచుకుంటూ పోతే చివరికి లోపల ఏమీ ఉండకపోవచ్చు. కానీ ఒలిచినంతసేపూ కళ్ళు మండుతాయి కదరా!

నిన్ను వెళ్ళొద్దని నేను అనను. నన్ను 58కే ఇంటికి పంపేశారు. తర్వాత రిటైర్మెంటు వయసు 2014లో 60 చేశారు, 2022లో 62 చేశారు. నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ సుద్దముక్క పట్టావు. అమ్మాయి 60కి బ్యాంకు నుంచి బయటపడింది, మీ ఇద్దరి సన్మానాల శాలువాలూ ఒకే బీరువాలో సర్దుకున్నారు. ఇంకా ఆ మడతలు విప్పకుండానే ఈ ఏడాది ఏమేం జరిగిపోయాయో చూడు. మీ అమ్మ, మా వదిన, మనల్ని వదిలి వెళ్ళిపోయింది. చిన్నది బెంగుళూరు మారింది. డాలస్‌లో పాప పుట్టింది. కాశీ, గయ, అయోధ్య, అరుణాచలం అన్నీ చుట్టేశారు. సర్వీసంతా కలిపి తిరగనంత ఒక్క ఏడాదిలో తిరిగారు. బాగుంది. అరుణాచలంలో గిరిప్రదక్షిణ చెప్పులు లేకుండా చేశావని విన్నాను. షుగర్ ఉన్నవాడివి, అరికాలు చూసుకున్నావా? అమ్మాయీ, నువ్వైనా చూడు. వాడు చెప్పడు. చిన్నప్పుడు గాజుపెంకు గుచ్చుకుంటే రెండ్రోజులు సాక్సు విప్పకుండా తిరిగిన మనిషి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. కొల్లేటికి నీళ్ళొచ్చే దారులు చాలా ఉన్నాయి: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇవిగాక డ్రెయిన్లు. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. రిటైరైనవాడి డబ్బు దీనికి తలకిందులు. వచ్చే దారి పెన్షనొకటి, పోయే దారులు వంద. గ్రాట్యుటీ డబ్బులు ఎవరికీ చేబదులు ఇవ్వకు. ఏటా బతికే ఉన్నానని చెప్పుకునే కాగితం, అదే జీవన ప్రమాణ పత్రం, అమెరికాలో ఉండగా గడువు దాటిపోకుండా ముందే కనుక్కో. ఇంతే.

అసలు సంగతి తాళం.

నవ్వకు. అత్తయ్యకి తాళాల చాదస్తం అని నువ్వూ మీ మావయ్యా ఎప్పుడూ నవ్వేవాళ్ళు. ఇది చాదస్తం కాదు, ఒళ్ళు కాలి నేర్చుకున్నది.

మీ మావయ్య 2003లో, నేను 2004లో రిటైరయ్యాం. బదరీ వెళ్దాం, ద్వారక వెళ్దాం అని ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. చివరికి వెళ్ళిందల్లా ఎక్కడికో తెలుసా? కొల్లేరు. ఆయన గుండె సంగతి బయటపడ్డాక దూరాలు వద్దన్నారు. ఆదివారం పొద్దున్నే కైకలూరు బస్సెక్కేవాళ్ళం. అక్కణ్ణించి కొల్లేటికోట, పెద్దింట్లమ్మ దర్శనం, ఒడ్డున కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, సాయంత్రానికి మళ్ళీ ఏలూరు. ఆయన పుస్తకం తెచ్చుకునేవారు గానీ ఒక్క పేజీ తిప్పేవారు కాదు. నీళ్ళకేసి చూస్తూ, "ఇన్నాళ్ళూ రైలు కిటికీలోంచి పొలాలు, చెరువులు చూసి ఇదే కొల్లేరనుకున్నామే" అనేవారు. అలా మాకు దక్కింది పదకొండు నెలలు. మీకు ఏడాది నిండింది. ఆ లెక్కన మీరు మమ్మల్ని దాటేశారు. ఇంకా చాలా దాటాలి.

ఆయన పోయిన ఆరో నెలలో, 2006 మొదట్లో, మా అమ్మాయి నన్ను న్యూజెర్సీ తీసుకెళ్ళింది. అప్పుడే కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొడుతున్నారు. ఆపరేషన్ కొల్లేరు అన్నారు. అంతకుముందు 1999లోనే అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. చూశావా, పాఠం చెప్పే బుద్ధి ఎక్కడికి పోతుంది! నేను మాత్రం ఇంటికి ఇంత ఇత్తడి తాళం వేసి, చెవి కొంగున కట్టుకుని విమానం ఎక్కాను. ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నీకు ఇప్పుడు చెబుతున్నాను: ఆ ఇంట్లోకి ఇంకెవరూ అడుగు పెట్టకూడదనిపించింది. నేను కూడా.

వర్షాకాలంలో వచ్చాను. చెవి సగం తిరిగి ఆగిపోయింది. కొబ్బరినూనె పోశాం, కిరసనాయిలు పోశాం. చివరికి పక్కింటి కుర్రాడు యాక్సాబ్లేడు తెచ్చి కోశాడు. తలుపు తోస్తే, వెనక గుట్టపడ్డ ఉత్తరాలకి తగులుకుని సగమే తెరుచుకుంది. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. తలుపు మూసి ఆపేసిన ఫ్రిజ్ నిండా నల్లటి బూజు. ఆవకాయ జాడీ మీద తెల్లటి బూజు. చెద గోడవెంబడి పాకి మీ మావయ్య పుస్తకాల బీరువాలోకి దూరింది. మా మావగారి నాటి ఏలూరు తివాచీ ఉండేదే, ఎర్రది, అంచున నీలం పువ్వులు, పెద్దబజారు చూడ్డానికి వచ్చినప్పుడల్లా నువ్వు దాని మీదే దొర్లి నిద్రపోయేవాడివి. దాన్ని చుట్టి మంచం కింద పెట్టాను. విప్పితే చుట్ట మధ్యలో పురుగు కొట్టేసి జల్లెడయింది. అంతా గొర్రె బొచ్చు, చేతుల్తో ముడివేసి నేసింది. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళ విద్య అంటారు. ఒక దొంగైనా రాలేదు నాయనా, ఒక్క చెంచా పోలేదు. కానీ ఇల్లంతా పోయింది.

మర్నాడు ప్యాసింజరులో మా వదిన దిగింది. ఒక సంచీలో చీపురు, ఒక సంచీలో వంకాయలు. నేను కబురు చెయ్యలేదు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు. కొంగు బిగించి ముందు కిటికీలన్నీ తెరిచింది. "తాళం దొంగకి వేస్తాం గానీ ఇంటికి వేస్తామా వదినా? దానికి ఊపిరాడొద్దూ?" అంది. పదకొండు రోజులుంది. వెళ్ళేటప్పుడు కొత్త తాళంచెవి ఒకటి అడిగి తీసుకుని, నీలం దారం కట్టి తన గుత్తిలో వేసుకుంది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు మా అమ్మాయి దగ్గరికి వెళ్ళొచ్చినా, నా ఇల్లు ఒక్కసారీ అలా కంపుకొట్టలేదు.

అసలీ బుద్ధి నాకు చిన్నప్పుడే ఉండాల్సింది. మా అమ్మమ్మది కొల్లేటి లంక. వానాకాలం నీళ్ళు అరుగు దాకా వచ్చేవి. బియ్యం, విత్తనాలు అటకెక్కించి, మమ్మల్ని దోనెలో ఎక్కించి మెరక మీదికి పంపేది. ఆ లంకలో ఒకసారి తామరతూడు కోసం వంగి నేను నీళ్ళలో పడితే, దోనె నడిపే తాత జడ పట్టుకుని లాగాడు. వారం రోజులు నెత్తి మంట. మా అమ్మమ్మ మాత్రం, "జుట్టు ఉన్నందుకు బతికింది, నూనె రాయండే" అని నవ్వింది. ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆ, తాళం. అంత వరదలోనూ ఆవిడ తలుపుకి తాళం వేసేది కాదు. గొళ్ళానికి తాడు కట్టేది. "రాత్రప్పుడు ఎవరి పడవైనా తిరగబడితే, వాళ్ళు ఎక్కడానికి ఒక అటక ఉండద్దా?" అనేది. పోయేవాళ్ళు రాబోయేవాళ్ళ కోసం ఇల్లు ఉంచిపోవడం అంటే అదీ.

కాబట్టి విను, అమ్మాయిచేత ఒక కాగితం మీద రాయించు. గ్యాస్ రెగ్యులేటరు తీసెయ్యండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపుకి అట్టముక్క అడ్డం పెట్టి తెరిచే ఉంచండి. మేడమీద ట్యాంకు ఖాళీ చేసి మూత బిగించండి, లేకపోతే దోమలకి పుట్టినిల్లవుతుంది. దుప్పట్లలో వేపాకు వెయ్యండి. పుస్తకాల బీరువా గోడకి జానెడు దూరం జరపండి. బ్యాంకు కాగితాలు, ఇంటి దస్తావేజులు ఇంట్లో ఉంచకండి. తులసికోటకి నీళ్ళు పోసే మనిషిని చూడండి, జీతం ఇచ్చి చూడండి, మొహమాటం మీద నీళ్ళు పోసేవాళ్ళు మూడోవారానికి మర్చిపోతారు. పదిహేను రోజులకోసారి కిటికీలు తెరవాలి. పండగపూట వరండాలో దీపం వెలగాలి. వీటిలో ఒక్కటి చేసినా చాలు అనుకోకండి. అన్నీ చెయ్యాలి.

నువ్వు ఇవాళ నవ్వుకుంటావని తెలుసు. "ఈవిడ దగ్గర ఇంటి గురించి ఇంత పట్టిక ఉంది, నా గురించి ఒక్క మాట లేదు" అనుకుంటావేమో. నీ గురించే రాస్తున్నానురా.

పోయిన మాఘమాసంలో పిల్లలు నన్ను కారులో కొల్లేటి దగ్గర ఆటపాక తీసుకెళ్ళారు. గూడబాతులు, పెలికాన్లంటారే, అవి వందలకొద్దీ ఉన్నాయి. పక్కనున్నాయన పిల్లలకి "ఇవి సైబీరియా నుంచి వచ్చాయి" అని చెబుతున్నాడు. కాదు నాయనా, గూడబాతు మన దేశపు పక్షే, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతుంది అని చెప్పాను. 1946లో కె.కె.నీలకంఠన్ అనే మలయాళీ ఆయన మన పాత పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వీటి గూళ్ళు చూసి లోకానికి చెప్పాడు. ఆ తర్వాత ఆ గూళ్ళు లేకుండా పోయాయి. ఇప్పుడు ఆటపాకలో చెట్లు చాలకపోతే అటవీశాఖవాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు నిలబెట్టారు. పక్షి వాటిమీదే పుల్ల మీద పుల్ల పేర్చుకుంటోంది. గూడు కట్టుకోవడానికి చోటుంటే పక్షి వస్తుంది, లేకపోతే దాటుకుపోతుంది. దానికి మన మీద కోపమేం ఉండదు.

రేపు డాలస్ పాపకి సెలవులిస్తే ఎక్కడికి వస్తుంది? రావడానికి ఒక ఇల్లుండాలి. మన జిల్లాలే చూడు. 2022 ఏప్రిల్ 4న లేచి చూసేసరికి నేను ఏలూరు జిల్లా, నువ్వు పశ్చిమ గోదావరి. నువ్వూ కదల్లేదు, నేనూ కదల్లేదు, గీతలే కదిలాయి. అయినా మనకి ఏమీ కాలేదు, ఎందుకంటే నీ ఇల్లు నీ చోట ఉంది, నా ఇల్లు నా చోట ఉంది. భీమడోలు దాటితే అత్తయ్య ఊరొస్తుందని నీకు ఇప్పటికీ తెలుసు.

ఇక నేను చెప్పకూడని మాట ఒకటి చెబుతాను. అమ్మాయి ఫోన్లో అంది, ముందుగదిలో మా వదిన మంచం ఇంకా అలాగే ఉందని, నువ్వు ఆ గదిలోంచి కాకుండా పెరటి తలుపు నుంచి వచ్చిపోతున్నావని. కాశీ నుంచి వచ్చి వారం తిరక్కుండా అరుణాచలం, అక్కణ్ణించి వచ్చి నెల తిరక్కుండా డాలస్. నాకు అర్థమైంది నాయనా. నేనూ చెవి కొంగున కట్టుకుని పారిపోయినదాన్నే. ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవాడు వేరు, ఇల్లు చూడలేక వెళ్ళేవాడు వేరు. ఇద్దరికీ టిక్కెట్టు ఒకటే, ప్రయాణం ఒకటి కాదు.

ఇల్లు అమ్ముకోవద్దని శాసించడానికి నేనెవర్ని? కట్టింది మీరు, అప్పు తీర్చింది మీరు. అమ్మాలనుకుంటే అమ్మండి. కానీ వెళ్ళేముందు అమ్మకు. ఆరు నెలలు పాపని ఎత్తుకుని, కడుపునిండా ఆడించి రా. వచ్చాక ముందు తలుపులోంచే లోపలికి రా. కిటికీలు తెరువు. ఆ మంచం మీద ఒక రాత్రి పడుకో. పొద్దున్న లేచి కాఫీ తాగి, అప్పుడు కూడా అమ్మాలనిపిస్తే బ్రోకర్ని పిలు. అప్పుడు నేను ఒక్క మాట అనను.

ఈలోగా ఒక పని చెయ్యి. మా వదిన తాళాల గుత్తి దేవుడి గూట్లో ఉంటుంది. అందులో నీలం దారం కట్టిన ఇత్తడి చెవి మా ఇంటిది. నాకు తిరిగివ్వకు, అమ్మాయి గుత్తిలో వెయ్యి. మీ ఇంటిది రెండోది నాకు ఇవ్వు. పదిహేను రోజులకోసారి మా పనమ్మాయిని తోడు తీసుకుని ప్యాసింజరులో వస్తాను. మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

చెవి కవర్లో పెట్టి పోస్టులో పంపకు. ఇద్దరూ పట్టుకుని రండి, భోజనం వేళకి. గుత్తివంకాయ చేస్తాను.

ఇట్లు,
అత్తయ్య