వరద తీశాక
(పెద్ద తరగతి పాఠం: పిల్లలు తల్లిదండ్రులతో కలిసి చదవవలసినది)

పిల్లలూ! ముందుగా ఒక మాట నేర్చుకుందాం. వరద వచ్చింది, వరద పెరిగింది అంటాం. మరి నీళ్ళు వెళ్ళిపోతే ఏమంటాం? "వరద తగ్గింది" అన్నా తప్పు లేదు కానీ, ఏటి ఒడ్డు ఊళ్ళలో పెరిగిన మీ తాతయ్యలు "వరద తీసింది" అంటారు. టీవీ వాళ్ళు వరద వచ్చినప్పుడు వస్తారు, తీయగానే వెళ్ళిపోతారు. మునిగిన ఇంటివాళ్ళకు అసలు కష్టం ఆ రోజే మొదలవుతుంది. మనలాంటి మామూలు వాళ్ళం సాయపడగలిగేది కూడా అప్పుడే.

మన హ్యూస్టన్ కథే చూద్దాం. 2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ అనే హరికేన్ గంటకు 130 మైళ్ళ గాలులతో రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. హరికేన్ అంటే మన తుఫానే. బంగాళాఖాతంలో పుడితే సైక్లోన్, ఇటు అట్లాంటిక్‌లోనో గల్ఫ్‌లోనో పుడితే హరికేన్. కానీ అన్ని తుఫానులూ ఒకే రకంగా దెబ్బ తీయవు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన, అంటే గాలి తోసుకొచ్చిన సముద్రం. పదివేల మందికి పైగా పోయారు. హ్యూస్టన్‌ను ముంచింది ఉప్పెన కాదు, వాన. హార్వీని ముందుకు తోసే పై గాలులు బలహీనపడడంతో అది టెక్సాస్ మీదే రోజుల తరబడి తచ్చాడింది. నెదర్లాండ్ అనే ఊళ్ళో 60.58 అంగుళాల వాన పడింది. అంటే అయిదు అడుగులు! మీలో చాలామంది ఎత్తు అంత ఉండదు. ఇంజనీర్లం కదా, లెక్క వేయకుండా ఉండలేం: ఒక చదరపు మైలు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు కోటీ 74 లక్షల గాలన్ల నీళ్ళు. మిగతా హెచ్చవేత మీరు చేయండి.

ఊరు బల్లపరుపు, నేల బంకమట్టి, నీళ్ళు పోవడానికి మెల్లగా పారే బయూలు. 1929, 1935 వరదల తర్వాత 1940లలో కట్టిన ఆడిక్స్, బార్కర్ జలాశయాలు నిండిపోయాయి. ఆగస్టు 28 తెల్లవారుజామున గేట్లు ఎత్తారు. దాంతో అప్పటిదాకా పొడిగా ఉన్న దిగువ ఇళ్ళు కూడా మునిగాయి. ఎగువనేమో, జలాశయం నిండితే నీళ్ళు వచ్చే చోటే తమ ఇల్లు ఉందని చాలామందికి ఆ రోజు దాకా తెలియదు. మొత్తం మూడు లక్షలకు పైగా కట్టడాలు మునిగాయి. టెక్సాస్‌లో 68 మంది నేరుగా తుఫాను వల్లే చనిపోయారు. వారిలో ముగ్గురు తప్ప అందరినీ పొట్టన పెట్టుకున్నది వరద నీరే.

మొదటి రెండు మూడు రోజులు పడవలు ఉన్నవాళ్ళవి. మన వంతు తర్వాత వస్తుంది. మునిగిన ఇంట్లో శత్రువు నీళ్ళు కాదు, చెమ్మ. ఒకటి రెండు రోజుల్లో బూజు పట్టడం మొదలవుతుంది. ఇక్కడి గోడలు ఇటుకలవి కావు, షీట్‌రాక్. దీపం వత్తి నూనె పీల్చినట్టు అది నీళ్ళను పైకి పీలుస్తుంది. అడుగు నీళ్ళు వస్తే గోడ రెండు మూడు అడుగుల దాకా తడుస్తుంది. అందుకే నేల నుంచి నాలుగడుగుల ఎత్తున కోసి, తడిసిన ఇన్సులేషన్ లాగేసి, లోపలి చెక్కలు ఆరేదాకా ఫ్యాన్లు పెట్టాలి. దీనికి పెద్ద నైపుణ్యం అక్కరలేదు, మనుషులు కావాలి. ఆ ఇంటి దంపతులు ఇద్దరే చేస్తే వారం, పదిమంది కలిస్తే ఒక్క రోజు. మడమ దాకా బూట్లు, చేతి తొడుగులు, ఎన్-95 మాస్కు తప్పనిసరి. పిల్లలను ఆ ఇంట్లోకి రానివ్వకూడదు. సామాను బయట పారేసే ముందు ప్రతిదానికీ ఫోటో తీయాలి, కార్పెట్ ముక్క ఒకటి కోసి దాచాలి. ఇన్సూరెన్సు వాళ్ళు రుజువు అడుగుతారు.

తడిసిన పెళ్ళి ఆల్బమ్ మాత్రం పారేయకండి. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. గడ్డకడితే బూజు ఆగుతుంది, తీరిక దొరికాక ఆరబెట్టుకోవచ్చు. సోఫా పోతే కొనుక్కుంటాం, అమ్మమ్మ ఫోటో ఎక్కడ కొంటాం?

పాత బట్టల మూటల సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ళు మంచి మనసుతోనే తెచ్చిస్తారు. వాటిని విప్పి, వేరుచేసి, చోటు చూడడానికి మాత్రం గోడలు కోయాల్సిన మనుషులే కావలసివస్తుంది. ఏం కావాలో అడిగి ఇవ్వండి. తోచకపోతే డబ్బు ఇవ్వండి.

ఇక తల్లిదండ్రులకు ఒక ముఖ్య విషయం. హార్వీ నాటి నియమాల ప్రకారం ఫెమా నగదు సాయం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు వంటివి ఉన్నవారికే. హెచ్-1 మీద ఉన్నవారికి తమ పేరున రాదు. కానీ ఇంట్లో పద్దెనిమిదేళ్ళ లోపు పౌరుడు ఒక్కరున్నా, ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టవచ్చు. మన ఇళ్ళలో చాలాచోట్ల ఆ ఏకైక పౌరుడు ఒకటో తరగతి చదువుతుంటాడు! ఆశ్రయం, తిండి, నీళ్ళ వంటి అత్యవసర సాయానికైతే వీసా అడ్డు కాలేదు. "మనకు రాదులే" అని ముందే ఊరుకోకుండా, ఆపద వచ్చిన రోజున నియమం ఎలా ఉందో కనుక్కోండి. మామూలు ఇంటి ఇన్సూరెన్సు వరదకు వర్తించదు. ప్రభుత్వ వరద ఇన్సూరెన్సు కొన్నాక సాధారణంగా 30 రోజులకు గానీ అమలులోకి రాదు. హరికేన్ల కాలం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే కొనాలి. అద్దెకున్నవారు కూడా సామానుకు తీసుకోవచ్చు.

పిల్లలూ, మీరు చేయగల పని ఇప్పుడు చెబుతాం. ఊరి నుంచి వచ్చి ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలు వరదలో చిక్కుకుంటే వాళ్ళకు ఇంగ్లీషులో వచ్చే హెచ్చరికలు అర్థం కావు. వాళ్ళకు ఫోన్ చేసి తెలుగులో అడగాలి. ఇలా అభ్యాసం చేయండి:

"మామ్మగారూ, నమస్కారమండీ. తెలుగు బడి నుంచి మాట్లాడుతున్నాను. మీరు మేడ మీద ఉన్నారా, కింద ఉన్నారా? నీళ్ళు ఎంతవరకు వచ్చాయండీ? మీ బి.పి. మందులు ఉన్నాయా?"

"ఫరవాలేదమ్మా, మందులు అయిపోవచ్చాయి. మోకాలి లోతు వచ్చాయి నీళ్ళు. మీ అమ్మ బాగుందా?"

జాగ్రత్తగా వినండి. "అయిపోయాయి" అంటే ఒక్క మాత్ర కూడా లేదని. "అయిపోవచ్చాయి" అంటే రేపో ఎల్లుండో అయిపోతాయని. మన వాళ్ళు నీళ్ళను ఒంటితోనే కొలుస్తారు: మోకాలి లోతు, నడుము లోతు, పీకల లోతు. వేగంగా పారే నీళ్ళు ఆరు అంగుళాలున్నా పెద్దవాళ్ళను పడేయగలవు, రెండు అడుగులుంటే చాలా కార్లను కొట్టుకుపోగలవు. కాబట్టి "మోకాలి లోతు" అని వినగానే "బయటికి రాకండి మామ్మగారూ, పైకి వెళ్ళండి" అని చెప్పి, వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి. ఇక "ఫరవాలేదు" అన్న మాటను మొదటిసారి నమ్మకండి. పెద్దవాళ్ళు మొహమాటానికి అలాగే అంటారు. రెండోసారి అడగండి, అప్పుడు నిజం చెబుతారు.

ఇంటి పని: పై సంభాషణను మీ అమ్మమ్మతోనో నాయనమ్మతోనో ఫోన్‌లో చేసి చూడండి. వాళ్ళ ఊళ్ళో వరద ఎప్పుడు వచ్చిందో, తీశాక ఇంట్లో మొదట ఏ పని చేశారో అడిగి, పది వాక్యాలు రాసి వచ్చే ఆదివారం తీసుకురండి.