తుప్పు పట్టిన కారుకు కొత్త ఇంజన్
(ఎం.జి.బి. కారు నేర్పే సైన్సు పాఠం)



తుప్పు గురించి రసాయన శాస్త్రంలో చదువుతాం. గతిశక్తి గురించి భౌతిక శాస్త్రంలో చదువుతాం. పరీక్ష రాశాక రెండింటినీ మరచిపోతాం. కానీ ఒక పాత కారును బాగుచేయాలని కూర్చుంటే ఈ రెండు పాఠాలూ ఒకేసారి అవసరమవుతాయి. ఏ ఒక్కటి తప్పినా మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే ఈ సంచికకు ఈ విషయం ఎంచుకున్నాను.

1. ఏమిటీ కారు?

ఇంగ్లండులోని అబింగ్డన్ పట్టణంలో ఎం.జి. కంపెనీ 1962 నుండి 1980 వరకు 'ఎం.జి.బి.' అనే చిన్న స్పోర్ట్స్ కారును తయారు చేసింది. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. మొదట్లో దాని ఇంజన్ 1798 సి.సి., శక్తి సుమారు 95 హార్స్ పవర్. దిమ్మె అంతా పోత ఇనుము. రెండు కార్బురేటర్లు ఉండేవి.

లారీకి కింద ఛాసిస్ వేరుగా, పైన బాడీ వేరుగా ఉంటాయి. ఎం.జి.బి.కి అలా కాదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన పెట్టెలాంటి బాడీయే దాని ఛాసిస్. దీన్ని మోనోకాక్ అంటారు. బరువు తగ్గుతుంది, బలం పెరుగుతుంది. కానీ రేకు తుప్పు పడితే అందం ఒక్కటే కాదు, కారు వెన్నెముకే పోతుంది.

2. తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు కలిస్తే ఆ నీటిలో విద్యుత్ సులభంగా ప్రవహించి తుప్పు వేగం పెరుగుతుంది. ఇంగ్లండులో చలికాలంలో రోడ్లపై మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల నుండి చిమ్మి కారు అడుగు భాగంలోకి చేరుతుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. గాలి బాగా తగిలే చోటే ఇనుము ఎక్కువ తినిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి మట్టి పేరుకుని గాలి తక్కువగా అందే సందులోనే ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. గాలి బాగా అందే పక్క భాగంలో ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. అంటే ఒక చిన్న బ్యాటరీ తయారైనట్లే. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల రేకు మాయమవుతుంది.

ఎం.జి.బి.లో తలుపుల కింద ముందు నుండి వెనకకు పొడవుగా సాగే పెట్టె భాగాలను సిల్స్ అంటారు. కారు మధ్యలో వంగకుండా పట్టి ఉంచేవి ఇవే. తుప్పు ముందుగా తినేదీ వీటినే.

3. ముందు బాడీ, తరువాతే ఇంజన్

చాలామంది ముందు కొత్త ఇంజన్ కొంటారు. అనుభవజ్ఞులు ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని అడుగు భాగమంతా పొడిచి చూస్తారు. ఎక్కడ దిగిందో అక్కడ రేకు చచ్చిపోయినట్లు లెక్క.

పని క్రమం ఇలా ఉంటుంది.

అ) సిల్స్ కోసే ముందు తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేసి బిగించాలి. అలా చేయకుండా కోస్తే కారు నడుము వంగుతుంది. తరువాత తలుపులు పట్టవు.

ఆ) ఒకసారి ఒక వైపే కోయాలి. తుప్పు భాగాన్ని మంచి రేకు కనబడే వరకు తీసేయాలి. తుప్పు మీద రేకు అతికించడం పుండు మీద పట్టీ వేయడం లాంటిదే.

ఇ) కొద్దిపాటి తుప్పు మిగిలిన చోట ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. తుప్పు ఐరన్ ఫాస్ఫేటుగా మారుతుంది. ఆపైన జింకు ఉన్న ప్రైమర్ వేస్తారు. జింకు తాను ముందుగా కరుగుతూ ఇనుమును కాపాడుతుంది.

ఈ) పెట్టె భాగాల లోపల మైనం లాంటి ద్రవాన్ని చిమ్మాలి. నీరు బయటకు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు.

వెల్డింగ్ గురించి ఒక మాట. సన్నని రేకుపై ఒకే గీతగా వెల్డింగ్ లాగితే వేడికి రేకు మెలితిరుగుతుంది. ఇక్కడొక చుక్క, దూరంగా ఇంకొక చుక్క వేసి, చల్లారనిచ్చి, మధ్యలో నింపుకుంటూ రావాలి. ఉష్ణ వ్యాకోచం, అవశేష ప్రతిబలం అన్న పేర్లతో నేను దీన్ని బి.టెక్.లో చదివాను. మా నాన్న గేట్లు, కిటికీలు చేసే వెల్డింగ్ షాపులో కూలీ. ఐదో తరగతితో బడి మానేసిన ఆయన ఇరవై ఏళ్లుగా రేకును చుక్కలు వేసే అతుకుతున్నారు. ఎందుకలా అని అడిగితే "రేకు అలుగుతుంది రా" అన్నారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కావచ్చు, మొదటి ఇంజనీరు మాత్రం నేను కాదని ఆ రోజు అర్థమైంది.

బాడీ పూర్తిగా పోయిన కార్లకూ దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే 1988 నుండి ఎం.జి.బి. కొత్త బాడీలను తయారు చేస్తోంది.

4. ఇంజన్ మార్పిడి

ఈ కారుకు వేరే ఇంజన్ పెట్టడం కొత్త ఆలోచన కాదు. కెన్ కాస్టెల్లో అనే ఇంగ్లండు రేసింగ్ డ్రైవరు ఇందులో రోవర్ కంపెనీ 3.5 లీటర్ల వి-8 ఇంజన్ అమర్చాడు. సిలిండర్లు ఎనిమిదైనా అది అల్యూమినియం ఇంజన్. కాబట్టి నాలుగు సిలిండర్ల పోత ఇనుము ఇంజన్ కంటే బరువు పెద్దగా పెరగలేదు. తరువాత కంపెనీయే 1973 నుండి 1976 వరకు 2,591 వి-8 కార్లు తయారు చేసింది. 2012లో ఎం.జి.బి.కి 50 ఏళ్లు నిండిన సందర్భంగా ఫ్రంట్‌లైన్ డెవలప్‌మెంట్స్ అనే సంస్థ కొత్త హెరిటేజ్ బాడీలో 2 లీటర్ల మాజ్దా ఇంజన్ పెట్టింది. దాని శక్తి 200 హార్స్ పవర్ దాటింది.

నేటి చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇంజన్లు అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతాయి. ఎం.జి.బి.లో ఇంజన్ నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది. కాబట్టి అలాంటి అమరికకు సరిపడే ఇంజను, గేరుబాక్సు వెతకాలి. తరువాత మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, రేడియేటరు, సైలెన్సరు అన్నీ మార్చాలి.

అసలు చిక్కు పెట్రోలు, వైరింగుల దగ్గర ఉంది. కార్బురేటరుకు పెట్రోలు కొద్ది పీడనంతో అందితే చాలు. ఇంజెక్టరుకు సాధారణంగా వాతావరణ పీడనానికి మూడు రెట్ల పీడనం కావాలి. పాత రబ్బరు గొట్టాలను అలాగే ఉంచితే అవి పగిలి మంటలు లేస్తాయి. ఇక క్రాంక్ షాఫ్ట్ సెన్సరు, ఆక్సిజన్ సెన్సరు వగైరాలు పంపే సమాచారాన్ని బట్టి ఇంజన్ కంప్యూటరు పెట్రోలు ఎంత చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. ఇంజన్ తెచ్చి కంప్యూటరు తేకపోతే అది ఉత్త లోహపు ముద్ద.

5. శక్తి రెట్టింపైతే వేగం రెట్టింపవుతుందా?

కాదు. ఎక్కువ వేగంలో గాలి నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 2కు ఘనమూలం 1.26. అంటే గాలి నిరోధం ఒక్కటే లెక్కిస్తే, శక్తిని రెట్టింపు చేసినా గరిష్ఠ వేగం 26 శాతమే పెరుగుతుంది.

ప్రమాదం మాత్రం అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. గతిశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం. 1.26 × 1.26 = 1.59. అంటే బ్రేకులు 59 శాతం ఎక్కువ శక్తిని వేడిగా మార్చాలి. అందువల్ల ఇంజన్ మార్చేవారు ముందు బ్రేకులు, స్ప్రింగులు, వెనక యాక్సిల్ మార్చాలి. పరుగెత్తే శక్తి కంటే ఆగే శక్తి ముందు సంపాదించాలి.

6. ఇంజన్ మారితే అది అదే కారా?

ఈ ప్రశ్నకు బ్రిటన్ రవాణా శాఖ చాలా ఏళ్ల పాటు మార్కులతో జవాబు చెప్పింది. అసలు బాడీకి 5, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేరుబాక్సు, స్టీరింగులకు తలా 2, ఇంజన్‌కు 1 మార్కు. కనీసం 8 వస్తేనే పాత నంబరు ఉండేది. ఇంజన్‌కు అన్నిటికంటే తక్కువ మార్కు ఉండటం గమనించండి! 2025లో ఈ నిబంధనలను సవరించారు.

మన దేశంలో పద్ధతి వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఆమోదం పొందిన సి.ఎన్.జి., ఎలక్ట్రిక్ కిట్ల వంటివాటికి మినహాయింపు ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చని బండికే ఆ గుర్తింపు దక్కుతుంది. కాబట్టి తమ్ముళ్లూ, బండిపై చేయి వేసే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి.

ముగింపు

పాత కారు బాగుచేసేవారికి రసాయన శాస్త్రం, గణితం, వెల్డింగ్, ఎలక్ట్రానిక్స్, చట్టం అన్నీ కావాలి. ఐ.టి.ఐ.లో ఫిట్టర్, వెల్డర్, మోటార్ మెకానిక్ ట్రేడులు చదివే మన తమ్ముళ్లు తాము తక్కువ చదువు చదువుతున్నామని అనుకోవద్దు. రేకు కోసే చేతికి ఎందుకు కోస్తున్నదీ తెలిస్తే, పుస్తకం చదివిన తలకు రేకు బరువు తెలిస్తే, ఇద్దరూ ఇంజనీర్లే.

ఆలోచించండి:
1. జింకు పూత గీసుకుపోయిన చోట కూడా ఇనుము కొంతకాలం తుప్పు పట్టదు. ఎందుకు?
2. శక్తిని మూడు రెట్లు చేస్తే గరిష్ఠ వేగం ఎన్ని రెట్లవుతుంది?
3. మీ ట్రంకు పెట్టెలో తుప్పు మొదట ఏ మూలన పట్టింది? ఆ మూలే ఎందుకు?

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (మెకానికల్)