ముందు పోగు, పిదప మగ్గము

దాజీ పేట్, సోలాపురము

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ పరిశోధన ప్రణాళికను రెండుమారులు చదివితిని. ఒక తరగతికి టాబ్లెట్లిచ్చి, మఱొక తరగతికి ఈయక, నెల గడచిన పిమ్మట మార్కులను పోల్చి, పిల్లలకు నచ్చెనా యని యడుగుదునంటివి. బిడ్డా, కొత్త సాంచా, అనగా మరమగ్గము, వచ్చిన దినమున దాని చప్పుడు వినుటకు పేట యంతయు గుమిగూడును గాని, దుప్పటి నాణ్యము పది యుతుకుల పిమ్మట గాని తెలియదు. పరికరము పనిచేయునా యని విచారించుటకు మునుపు, పిల్లవానికి ఎచ్చట పోగు తెగినదో కనుగొనుము.

మొన్న పొరుగింటి నాలుగవ తరగతి బాలుడు, తండ్రి ఫోనులో భిన్నముల పాఠమును మరాఠీలో వినుచు, బొమ్మలు చూచి నవ్వుచుండెను. సగములో సగమెంతయని ఆ భాషలోనే యడిగితిని, తల వంచుకొనెను. జొన్నరొట్టెను రెండుగా తుంచి, అందొక ముక్కను మరల తుంచి తెలుగున నడుగగా, “పావు, తాతా” యని తటాలున చెప్పెను. వానికి తోడ్పడినది భాషయో, రొట్టెయో నేను చెప్పజాలను. ఆ రెంటిని విడదీసి చూచుటయే నీ విద్య.

మన జిల్లాలోనే, మాఢా తాలూకా పరితెవాడి జిల్లా పరిషత్ బడి ఉపాధ్యాయుడు రణజిత్‌సింహ డిసలే 2020 లో ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారము నందుటయు, పది లక్షల డాలర్ల ఆ బహుమతిలో సగమును తుదివరుసలోని తక్కిన తొమ్మండుగురికి పంచుటయు లోకమెఱిగినదే. అందఱును ఆయన పుస్తకములలో పొందుపఱచిన క్యూఆర్ కోడ్‌లనే పొగడుదురు. నా మనస్సున కెక్కినది మాత్రము, ఆ పిల్లల యింటిభాష కన్నడమని గుర్తించి, పాఠములను ఆ భాషలోనికి మార్చుట. రోగమెఱిగి మందిచ్చుట యన నదియే.

ఇక ఫలితములను కొలుచు విధమునకు వత్తును. బరోడా పురపాలక బడులలో ఇద్దరికొక కంప్యూటరు చొప్పున, వారమునకు రెండు గంటలు, పిల్లల స్థాయికి తగిన గణితపు ఆటలాడించిన ప్రయోగపు ఫలితములను ఆర్థికశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు 2007 లో ప్రకటించిరి. మార్కులు బాగుగనే పెరిగినవి. అయినను వారంతటితో తృప్తిపడక, కార్యక్రమము ముగిసిన యేడాదికి మరల పరీక్షించి, లాభములో అధికభాగము కరగిపోయినదనియు దాపరికము లేక వ్రాసిరి. పోగు తెగినను సాంచా నాపక నడిపినచో దుప్పటి పొడవునా గీత పడును. ఆ గీతను మడతలో దాచి యమ్మినవాని సరకును మరుసటిమారు ఎవ్వరును ముట్టరు. నీ గ్రంథమున గెలుపునకెంత చోటిత్తువో, ఓటమికిని అంత చోటిమ్ము.

నూలు పున్నమికి, మార్కండేయ రథోత్సవమునకు నీవెటులును వత్తువు గదా. రెండు దినములు ముందుగనే వచ్చి, టాబ్లెట్‌ను సంచిలోనే యుంచి, ఆ పొరుగింటి బాలుని ప్రక్కన కూర్చుండుము. రొట్టెలు మీ నాయనమ్మ చేయును.

ఇట్లు,
నీ తాత