ఆసు యంత్రం ఏ ఆలోచనతో పుట్టింది?

క్రియేటివిటీ అనగానే కవులు, బొమ్మలు గీసేవాళ్లు గుర్తొస్తారు. ఊహలు వాళ్లకి, లెక్కలు మనకి అని ఎవరో పంచేశారు, మనమూ ఒప్పేసుకున్నాం. ఈ పంపకం కుదరదని చూపించే యంత్రం ఒకటి మన పాత నల్లగొండ జిల్లాలోనే పుట్టింది.

పోచంపల్లి తరహా చీరకు నేయకముందే నూలుకు రంగులు అద్దాలి. దానికి ముందు చేసే పని ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో ఉన్న పుల్లల చుట్టూ దారాన్ని వరుసగా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారు ఈ పనితోనే భుజం నొప్పి తెచ్చుకున్నారు. బడి మధ్యలో మానేసిన మల్లేశం గారు 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం తయారుచేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు. దాని మీద చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక పాఠంలోకి వద్దాం. అమెరికా సైకాలజిస్ట్ జె.పి. గిల్‌ఫర్డ్ ఆలోచనలో రెండు తీరులు చెప్పారు. ఒకే ప్రశ్నకు పది దారులు వెతికేది డైవర్జెంట్. సరైన ఒక్క జవాబు దగ్గరికి చేరేది కన్వర్జెంట్. మన మిడ్ పరీక్షలన్నీ రెండోదానికే మార్కులు వేస్తాయి (బిట్ పేపర్ సంగతి చెప్పక్కర్లేదు).

ఆసు యంత్రానికి రెండూ కావాలి. చెయ్యి చేసే పనిని విడదీసి చూస్తే అందులో రెండు కదలికలున్నాయి: దారం పుల్ల చుట్టూ తిరగడం, తర్వాతి పుల్లకు జరగడం. ఇలా విడదీయడం లెక్క మనిషి పని. ఒక కదలిక కుదరక ఏళ్లు గడిచాయి. హైదరాబాద్ బాలానగర్‌లో ఏదో పని మీద ఉన్నప్పుడు, ఆసుతో సంబంధమే లేని ఇంకో యంత్రం కదలిక చూసి ఆయనకు దారి దొరికింది. ఇది పోలిక పట్టే ఆలోచన. కవి ఉపమానం కట్టేటప్పుడు చేసేదీ ఇదే.

నా లెక్కలో అన్నిటికంటే అరుదైనది వీటికి ముందే జరిగింది. ఆసు పోస్తే చేతులు నొస్తాయని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. పనంటే అంతే అనుకున్నారు. ఆ నొప్పిని ఒక డిజైన్ ప్రాబ్లమ్‌గా చూడటం ఏ సిలబస్‌లో ఉంది?

అవధానంలో సమస్యాపూరణం గుర్తుందా? అర్థం లేనట్టు కనిపించే పాదం ఇస్తారు. అవధాని ముందు ఎన్నో అర్థాలు వెతకాలి, తర్వాత ఛందస్సులో ఒక్కదాన్ని బిగించాలి. రెండు తీరులూ నిమిషాల్లో పక్కపక్కనే నడుస్తాయి.

ఈసారి మినీ ప్రాజెక్ట్‌కు రెడీమేడ్ కిట్ కొనేముందు ఒక పూట మిర్యాలగూడ రైస్ మిల్లు దగ్గరో, సూర్యాపేట మార్కెట్ యార్డులోనో, కోదాడ హైవే పక్కన లారీ షెడ్డులోనో నిలబడండి. ఎవరి చెయ్యి ఒకే కదలికను రోజంతా చేస్తోందో చూసి నోట్‌బుక్‌లో రాయండి. ఎన్నిసార్లు కదిలిందో కూడా లెక్కపెట్టండి.