జమ్ముపెట్టె యొద్ద కలిసిన స్త్రీలు

పాఠ్యభాగము: నిర్గమకాండము 1:15 – 2:10

మోషే కథ మన బిడ్డలకు సహితము కంఠస్థమే. అయితే ఈ భాగములో మోషే మాటలు రాని పసివాడు. పని చేసినవారందరును స్త్రీలే. మంత్రసానులు ఫరో ఆజ్ఞను మీరిరి. తల్లి మూడు నెలలు దాచెను. అక్క ఏటియొడ్డున కాపు కాసెను. నీటిలోనుండి తీయించినదో, ఐగుప్తు దేవతల మధ్య పెరిగిన రాజకుమార్తె.

పెట్టె తెరువగానే వాడు హెబ్రీయుల బిడ్డ అని ఆమె గుర్తించెను. తెలియక కాదు, తెలిసియే కాపాడెను. ఆ చిన్నదియు, చంపుమన్నవాని కూతురని పారిపోక, ఎదుటికి వెళ్లి దాదిని పిలుచుకొని వత్తునా అని అడిగెను. కన్నతల్లికి తన బిడ్డను పెంచుకొన్నందుకు జీతము కూడ దొరికెను! వారిలో ఎవరును తమ దేవుని మార్చుకొన్నట్లు ఇక్కడ వ్రాయబడలేదు.

ఇట్టి సంగతియే మన కాలమున ఆఫ్రికాలోని లైబీరియా దేశములో జరిగెను. 1989లో మొదలైన అంతర్యుద్ధము, నడుమ కొంత విరామముతో, 2003 వరకు సాగెను. స్త్రీలు చెరచబడిరి, పిల్లల చేతికి తుపాకు లిచ్చిరి. 1990 జూలైలో మన్రోవియాలోని సెయింట్ పీటర్ లూథరన్ దేవాలయములో తలదాచుకొన్న సుమారు 600 మందిని సైనికులు చంపిరి.

తరువాతి కాలమున ఆ దేవాలయములోనే లేమా బోవీ అను లూథరన్ స్త్రీ క్రైస్తవ స్త్రీలను సమాధానము కొరకు కూడబెట్టెను. అచ్చటికి వచ్చిన ఆసతు బా కెన్నెత్ అను ముస్లిము స్త్రీ, పోలీసు ఉద్యోగిని, లేచి తానును తన స్త్రీలను తోడుకొని వత్తుననెను. విశ్వాసము పలచబడునని కొందరు క్రైస్తవ స్త్రీలు జంకిరి. తుపాకి గుండు మతము అడిగి తగులునా అని తక్కినవారు వాదించిరి. 2003లో వారందరు తెల్లని బట్టలు కట్టి, చేపల బజారు యొద్ద ఎండకు వానకు ఓర్చి దినదినము కూర్చుండిరి. ఎవరి ప్రార్థన వారు చేసికొనిరి. ఘానాలోని అక్రాలో సంధి మాటలు సాగకపోగా, సభామందిరపు ద్వారమున అడ్డముగా కూర్చుండి నాయకులను బయటికి పోనీయలేదు. ఆగస్టు 18న సంధి వ్రాయబడెను. 2011లో నోబెల్ శాంతి బహుమానము పొందిన ముగ్గురు స్త్రీలలో లేమా ఒకరు.

ఇంత దూరపు కథ యెందుకందురా? మా సంఘపు సహోదరి యొకతె ఒక రాత్రి భర్త దెబ్బలకు తాళలేక పరుగెత్తెను. దారిలో మొదట నా యిల్లే. ఆమె ఆగలేదు. మూడిండ్లు దాటి ఒక ముస్లిము అమ్మ తలుపు తట్టెను. ఆ అమ్మ పసుపు నూరి గాయములకు పెట్టి తన ప్రక్కనే పరుండబెట్టుకొనెను. నా తలుపు తట్టకపోవుటకు కారణము నాకు తెలియును. అంతకు రెండు నెలల ముందు ఆమె వచ్చి యేడ్చినప్పుడు, ఓర్చుకొమ్మని చెప్పి, ప్రార్థన చేసి, ఆ యింటికే పంపితిని.

2005 నాటి గృహహింస చట్టము ఏ మతపు స్త్రీకైనను వర్తించును. ఈ మాట నేను ఏ ఆదివారమునను చెప్పియుండలేదు. ఆ అమ్మయే ఆమె చేయి పట్టుకొని పోలీసు స్టేషనుకు నడిపించెను. నేను వెనుక వెళ్లితిని.